ఎర్ర పట్టీ, నీలం పట్టీ

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టోకెన్లు పిలవడం నా పని. డాక్టరు రాకముందే ఓపీ హాలు నిండిపోతుంది. మంథని వైపు నుంచి, జగిత్యాల వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లు కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటారు. నేను వాళ్ల పేర్లు పిలవాలి, కూర్చోమనాలి, లేవమనాలి, లోపలికి పంపాలి. మా దగ్గర అర్జెంట్ ఓపీ అని ఒకటుంది. మామూలు ఫీజుకు మించి కడితే టోకెన్ లేకుండా ముందే లోపలికి పోవచ్చు. అట్లా ఒకరిని పంపినప్పుడల్లా హాలంతా ఒక్కసారి తలెత్తి నావైపు చూస్తుంది. ఎవరూ నోరు తెరవరు. ఆ చూపు మాత్రం ఒంటికి గుచ్చుకుంటుంది.

నాకు అక్కడ కుర్చీ ఉంది, కానీ కూర్చోను. కూర్చుంటే కాళ్లు ఆడుతూనే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం కూడా నిలబడే తింటానని మా అవ్వ, అంటే మా అమ్మ, తిడుతుంది.

మా పాప ఎనిమిదో తరగతి. దాని క్లాసులో సగం మంది హైదరాబాదు దగ్గరి థీమ్ పార్కుకు వెళ్లొచ్చారు. ఎండాకాలం సెలవుల నుంచి అదే పాట. క్రిస్మస్ సెలవుల్లో తీసుకుపోతానని మాటిచ్చాను. మా ఆయనకు కూడా చెప్పాను. ఆయన కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో పనిచేస్తాడు, అక్కడే ఉంటాడు. నేనూ, పాపా, మా అవ్వా కరీంనగర్‌లో ఉంటాం. వారపు సెలవు దొరికితే రైల్లో పెద్దపల్లి దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సులో మా దగ్గరికి వస్తాడు.

ఇట్లా రెండు ఊళ్లలో ఎందుకున్నామో చెప్పాలి. మిల్లు మూతపడ్డప్పుడు పాప ఇంకా తప్పటడుగులు వేస్తోంది. ఇవాళ తెరుస్తారు, వచ్చే నెల తెరుస్తారు అంటూ మా ఆయన వేరే పని చూసుకోలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని మిల్లు గేటు దగ్గరికి పోయేవాడు. అక్కడ తనలాంటి వాళ్లతో నిలబడి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు. నేను కొంతకాలం చూశాను. ఆ ఇంట్లో ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు. పాపను తీసుకుని కరీంనగర్‌లో బీడీలు చేసుకుంటూ ఒంటరిగా ఉన్న అవ్వ దగ్గరికి వచ్చేశాను. ఆసుపత్రిలో ఈ పని దొరికింది. నేను వస్తుంటే మా ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. స్టేషన్ దాకా సంచి మోసుకొచ్చాడు. తర్వాత మిల్లు తెరుచుకుంది, ఆయనను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అప్పటికి పాప కరీంనగర్ బడిలో కుదురుకుంది, నా పనీ నిలబడింది. అట్లా ఉండిపోయాం.

మేం కొట్లాడుకోం. కానీ చర్చిలో చుట్టాలు ఎవరైనా కలిసి, "మీ ఆయనకు ఎంత ఓపికనమ్మా, అన్నేండ్లు ఎదురుచూసిండు" అంటే నేను మాట మార్చి పక్కకు జరుగుతాను. ఆయనకు ఓపిక ఉందంటే నాకు లేదనే కదా.

క్రిస్మస్ వెళ్లిన వారంలో మొదటి బస్సుకు బయలుదేరాం. అవ్వను తీసుకుపోవాలని ముందు అనుకోలేదు. ముందురోజు సాయంత్రం తనే అంది.

"నేను సుత వస్త. ఇంట్ల ఒక్కదాన్నే కూసోని గోడలు చూడాల్నా?"

"అవ్వా, అక్కడ అన్ని తిరిగేటియి, ఊగేటియి ఉంటయి. నువ్వేం ఎక్కుతవు?"

"ఎక్కకపోతే మానె. చూస్త."

మా ఆయన మాత్రం, "రానీ, అత్తకు గూడ జర గాలి తిరిగినట్టుంటది" అన్నాడు. మరునాడు పొద్దున చూస్తే అవ్వ అందరికంటే ముందు తయారై, స్టీలు డబ్బా నిండా పండుగకు చేసిన గారిజెలు, అదే కజ్జికాయలు, పెట్టుకుని గడపలో నిలబడి ఉంది.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆ డబ్బా తెరిపించారు. బయటి తిండి లోపలికి రానివ్వరట. అవ్వ వాదించలేదు. పక్కకు జరిగి డబ్బా మూత తీసి, "తినుర్రి బిడ్డా, క్రిస్మస్ గారిజెలు" అంటూ గేటు ముందున్న వాళ్లకు పంచడం మొదలుపెట్టింది. ఎవరో ఏమిటో తెలియకపోయినా అందరూ చేతులు చాచారు. ఆపిన సెక్యూరిటీ మనిషి కూడా ఒకటి తీసుకున్నాడు. నేను మాత్రం లోపలి నుంచి వినబడుతున్న కేకలు వింటూ, ఆలస్యమవుతోందని సంచి పట్టీని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాను.

కౌంటర్ దగ్గర టికెట్ తీసుకునేటప్పుడు అక్కడి అమ్మాయి, "మేడం, ఇవాళ హాలిడే రష్ ఎక్కువుంది. ఫాస్ట్ పాస్ తీసుకుంటే లైన్లో నిలబడే పని లేదు, డైరెక్టుగా పంపిస్తారు" అంది. మామూలు టికెట్ వాళ్లకు చేతికి నీలం పట్టీ, పాస్ తీసుకున్నవాళ్లకు ఎర్ర పట్టీ.

"తీస్కుందాం" అన్నాను.

మా ఆయన బోర్డు చూశాడు. "ఎందుకే? టికెట్ ఎంతనో పాస్ గూడ దాదాపు గంతనే ఉన్నది. లైన్ల నిలబడితే ఏం పోతది?"

"పొద్దు పోతది. సాయంత్రం బస్సు పట్టుకోవాలె. నీకు రేపు మధ్యాహ్నం డ్యూటీ ఉన్నది."

"ఎన్ని అయితే గన్ని ఎక్కుదాం."

"ఎండకాలం సంది అడుగుతున్నది పిల్ల. రెండు ఎక్కి ఇంటికి పోదామా?"

వెనక నిలబడ్డవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. మా ఆయన గొంతు తగ్గించాడు.

"నీకు ఎప్పుడు తొందరనే. ఒక్కకాడ నిలబడుడంటే నీతోని కాదు."

"నీతోని మంచిగ అయితది గదా. నువ్వు నిలబడు" అన్నాను.

పాప మా ఇద్దరి మొహాలు చూసి తన చెప్పుల వైపు చూసుకుంది. చివరికి పాపకూ నాకూ ఎర్ర పట్టీలు, ఆయనకూ అవ్వకూ నీలం పట్టీలు తీసుకున్నాం. అవ్వకు ఆ తేడా పట్టలేదు. "నాకు ఏదైతేంది, కట్టుర్రి" అని చేయి చాచింది.

అట్లా నలుగురం వచ్చి, గేటు దాటగానే ఇద్దరిద్దరం అయ్యాం.

నిజం చెప్పాలంటే మొదట్లో చాలా బాగుంది. ప్రతి రైడ్ ముందూ ఇనుప కడ్డీల మధ్య పాములా మెలికలు తిరిగిన లైను ఉండేది. దాని పక్కనే ఇంకో సన్నని దారి, ఎక్కువగా ఖాళీగా. మేం ఆ దారిలో పరుగెత్తుకుంటూ పోయి పట్టీ చూపిస్తే చాలు, లోపలికి పంపేవాళ్లు. ఊగే ఓడ ఎక్కాం. గిరగిరా తిరిగే కుర్చీలు ఎక్కాం. మా ఊళ్లో జాతరలప్పుడు వచ్చే రంగులరాట్నం తప్ప నేను ఎన్నడూ ఏదీ ఎక్కలేదు. ఓడ పైకి లేచినప్పుడు పాపా నేనూ ఒకరి చేయి ఒకరం పట్టుకుని అరిచాం. అంత గట్టిగా నేను ఎప్పుడు అరిచానో గుర్తులేదు.

"మమ్మీ, మళ్ల ఎక్కుదాం!"

మళ్లీ ఎక్కాం. మొదటిసారి పోయినప్పుడు లైన్లో ఉన్నవాళ్లు రెండోసారి పోయినప్పుడూ అక్కడే ఉన్నారు. చంటిపిల్లను భుజాన వేసుకున్న ఒకావిడ పక్కనున్న భర్తను అడిగింది, "వీళ్లేంది, ఇప్పుడే పోయిండ్రు, మళ్ల పోతున్నరు?"

"పైసలు కట్టినోళ్లు" అన్నాడు అతను. కోపంగా కూడా అనలేదు.

ఆవిడ నావైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ హాల్లో చూసేదే. కాకపోతే రోజూ ఆ చూపు నేను పంపించేవాళ్ల బదులు పడతాను. ఇవాళ అది అచ్చంగా నాదే. తల దించుకుని పాప వెనక నడిచాను. పాపకు అదేమీ పట్టలేదు, దాని కళ్లన్నీ పైనే ఉన్నాయి.

ఎండ ఎక్కేసరికి పెద్ద రైడ్లు చాలా వరకు అయిపోయాయి. అప్పుడు నాకు ఇంకోరకం ఇబ్బంది మొదలైంది. రైడ్ మొదలైనట్టే మొదలై అయిపోతుంది. ఎక్కేముందు భయపడటానికి సమయం లేదు, దిగాక చెప్పుకోవడానికి సమయం లేదు. "ఎట్లున్నది?" అని అడిగితే పాప, "మంచిగున్నది, నెక్స్ట్ ఏది?" అనేది. నేను కూడా నెక్స్ట్ కోసమే చూస్తున్నాను. ఆ చూపులోనే నడుమ నడుమ జనంలో అవ్వ ఎక్కడైనా కనబడుతుందా, మా ఆయన కనబడతాడా అని వెతుకుతున్నాను.

చీకటి గుహలోకి పోయే రైలు దగ్గర పాస్ ఉన్నవాళ్లకు కూడా లైను తగిలింది. మాలాగే చాలామంది ఎర్ర పట్టీలు కట్టుకున్నారు మరి. విచిత్రం ఏమిటంటే అక్కడ గొణిగింది మేమే. పక్కన నీలం పట్టీల వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ, పిల్లల తలలు దువ్వుకుంటూ నిలబడి ఉన్నారు. మా లైన్లో ఒక పెద్దమనిషి పట్టీ ఉన్న చేయి పైకెత్తి, "పైసలు కట్టినంక గూడ నిలబెడ్తరా?" అని అక్కడి సిబ్బంది మీద గట్టిగా అరిచాడు. నాకు అతన్ని చూస్తే సిగ్గేసింది. కానీ నేను కూడా లోపల అదే అరుస్తున్నాను.

మధ్యాహ్నం కావస్తుండగా అవ్వా, మా ఆయనా కనబడ్డారు. ఎత్తైన చోటికి పోయి అక్కడి నుంచి నీళ్లలోకి జారే పడవ రైడ్ అది. లైను మధ్యలో అవ్వ ఇనుప కడ్డీకి ఆనుకుని ఎవరో ఆడవాళ్లతో మాట్లాడుతోంది. మా ఆయన చేతిలో ఎవరిదో బాబు. ఆ బాబు ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు.

"మీకు ఇంక ఇదే మొదటిదా?" అడిగాను.

"రెండోది. ఊగేది ఎక్కంగనే అత్తకు కండ్లు తిరిగినయి. చెట్టు కింద జరసేపు కూసున్నం."

అవ్వ నన్ను పట్టించుకోకుండా పక్కావిడకు చూపించింది. "గీమెనే నా బిడ్డ. గది మనుమరాలు." వాళ్లది నిర్మల్ పక్క అట. వాళ్ల పెద్దమ్మాయికి సంబంధం కుదిరిందట. అవ్వకు అన్నీ తెలిసిపోయాయి.

పాప తన ఎర్ర పట్టీ లాగుతూ, "అమ్మమ్మా, ఇది నువ్వు కట్టుకో, పైకి జల్ది పోతవు" అంది. అది రాలేదు. కత్తిరిస్తే తప్ప ఊడదు.

ఆ ఎండలో, ఆ రద్దీలో మా ఆయన అంత నిమ్మళంగా ఉండటం చూసి నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్పలేను. నా చేతికి పాస్ ఉంది, రైడ్లన్నీ నేనే ఎక్కాను, అయినా ఏదో పోగొట్టుకున్నట్టున్నది నేనే.

"ఎక్కి దిగినంక ఏనుగు బొమ్మ కాడికి రండి. అన్నం తిందాం" అన్నాను. మా ఫోన్లన్నీ తడుస్తాయని లాకర్లో పెట్టేశాం కాబట్టి కలుసుకునే చోటు ఏదో ఒకటి అనుకోవాలి. వాళ్లు సరేనన్నారు. పాపా నేనూ పక్క దారిలో పోయి, వాళ్లకంటే ముందే పడవెక్కి, జారి, తడిసి బయటకొచ్చాం.

ఏనుగు బొమ్మ సిమెంటుది, పెద్దది. దాని చుట్టూ అరుగు ఉంది. పాప కూర్చుంది. నేను దాని చుట్టూ తిరుగుతున్నాను. "మమ్మీ, కూసో, నాకు కండ్లు తిరుగుతున్నయి" అంది పాప. చాలాసేపటికి మా ఆయన వచ్చాడు, తల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒక్కడే.

"అవ్వేది?"

ఆయన ఆగిపోయాడు. "మీ కాడికి రాలేదా?"

ఆయన చెప్పింది ఇది. లైను పైకి దగ్గరవుతుండగా అవ్వకు దాహమేసింది. వెనకవాళ్లకు చెప్పి ఆయన నీళ్ల కోసం బయటకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అవ్వ లేదు. పడవలో ఒక సీటు ఖాళీ ఉందని పిలిస్తే ముందుకు వెళ్లిపోయిందని నిర్మల్ వాళ్లు చెప్పారు. దిగి మా దగ్గరికే వచ్చి ఉంటుందనుకుని ఆయన తన వంతు వచ్చేదాకా నిలబడి, ఎక్కి, దిగి వచ్చాడు.

"పోయిందని తెల్వంగనే లైన్లకెల్లి బయటకు రావద్దా? అప్పుడు సుత నిలబడ్డవా?"

ఆయన చేతిలో ఇంకా నీళ్ల సీసా ఉంది, మూత కూడా తీయలేదు.

సమాచార కేంద్రానికి పరుగెత్తాం. మైకులో చెప్పిస్తామన్నారు. పేరు రాసుకున్నారు, వయసు అడిగారు. "ఏ రంగు చీర?" అన్నారు.

నోరు తెరిచాను. ఏ రంగు? పొద్దున గడపలో నిలబడ్డది చూశాను, బస్సులో పక్కన కూర్చున్నాను, గేటు దగ్గర చూశాను. చీర రంగు మాత్రం కళ్ల ముందుకు రావడం లేదు.

"ఆకుపచ్చ చీర. ఎర్ర అంచు. మొన్న పండుగకు తెచ్చిందే" అన్నాడు మా ఆయన.

మైకులో అవ్వ పేరు మూడు భాషల్లో మోగింది. ఆ కేకల్లో, పాటల్లో అది ఎంతవరకు వినబడిందో తెలియదు. అవ్వకు చదువొచ్చు, రోజూ బైబిలు చదువుతుంది. కానీ అక్కడ బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

"ఒకరం ఏనుగు కాడ ఉండాలె. వస్తే ఈడికే వస్తది" అన్నాడు ఆయన.

"నేను ఉండలేను."

"నువ్వు ఉరుకు. నేను ఉంట."

పాపను వెంటబెట్టుకుని పరుగెత్తాను. బాత్రూముల దగ్గర పిలిచాను. భోజనాల హాల్లో బల్లబల్లకూ తిరిగాను. ప్రథమ చికిత్స గదిలో చూశాను, అక్కడ మోకాలు చీరుకుపోయిన ఒక అమ్మాయి తప్ప ఎవరూ లేరు. అలలు వచ్చే కొలను దగ్గర నిలబడితే వందల తలలు నీళ్లలో లేస్తూ మునుగుతూ కనబడ్డాయి. ఆకుపచ్చ చీర కోసం కళ్లు ఎంత చించుకున్నా రంగురంగుల గొట్టాలే కనబడుతున్నాయి. దేవా, దేవా అని గొణుక్కుంటూ ఒడ్డు చుట్టూ తిరిగాను. ఆసుపత్రిలో తప్పిపోయిన ముసలివాళ్లను వెతుక్కునే కొడుకులకు, కోడళ్లకు నేనే ధైర్యం చెబుతాను, ఇక్కడే ఉంటారు ఫికర్ చేయకండి అని. ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా అనేదాన్నో అర్థం కాలేదు.

పాప నా చేయి గుంజింది. "మమ్మీ, పడవ కాడ పైన ఉన్నోళ్లను అడుగుత. అమ్మమ్మను ఎక్కించింది వాళ్లే గదా. నాకు పట్టీ ఉన్నది, లైన్ల ఆగే పని లేదు."

నేను సరే అనేలోపే అది పరుగెత్తింది. ఆ ఖాళీ దారిలో మెట్లమీద మెట్లు ఎక్కుతూ మలుపు తిరిగి మాయమైంది. నేను కింద, పడవలు వచ్చి పడే చోట కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఒక పడవ వచ్చింది, ఇంకోటి వచ్చింది. పాప రాలేదు. ఇప్పుడు ఇద్దరూ పోయారా అనిపించి కడ్డీ మీదికి వంగి పైకి చూశాను.

అప్పుడు పైన అంచు మీదికి ఒక పడవ వచ్చి క్షణం ఆగింది. ముందు సీట్లో ఆకుపచ్చ చీర. అవ్వ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఎండలోకి దూరంగా ఎటో చూస్తోంది. ఆమె వెనక సీట్లో మా పాప రెండు చేతులూ ఊపుతోంది. పడవ ముక్కు కిందికి వంగింది. "ప్రభువా!" అని అవ్వ పెట్టిన కేక పార్కంతా వినబడి ఉంటుంది. నీళ్లు లేచి నా మీద పడ్డాయి.

అవ్వ దిగేసరికి చీర ఒంటికి అతుక్కుపోయి, జుట్టు విడిపోయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"ఏడికి పోయినవే అవ్వా? ఎంత పరేషాన్ అయినమో తెలుసా?"

"నేనేడికి పోయిన? ఈడనే ఉన్న గదా. ఒక్కరే ఉన్నోళ్లు ఎవరని పడవ ఎక్కించే పిల్ల ఒర్రితే చెయ్యెత్తిన."

"ఒక్కదానివెట్ల? నలుగురం రాలేదా?"

"లైన్ల ఒక్కదాన్నే ఉన్న గదనే. అల్లుడు నీళ్లకు పోయిండు."

"మరి దిగినంక మళ్లెందుకు ఎక్కినవు?"

అవ్వ తడి కొంగు పిండుకుంటూ చెప్పింది. "దిగి చూస్తే ఒక్కలు లేరు. ఏనుగు ఎటు దిక్కున్నదో తెల్వలే. పైకి పోతే అంత కనబడతది గదా, మీరు ఏడున్నరో చూద్దామని ఎక్కిన. చూసేలోపట్నే ఆ పడవ కిందికి పడుతున్నది. ఏం జేయాలె? మళ్ల ఎక్కిన. ఆ పిల్ల మంచిది, ఖాళీ దారిలకెల్లి రానిచ్చి, ఒక్క సీటు మిగిలితె నన్నే పిలుస్తున్నది."

పాప పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మమ్మల్ని వెతకడానికి ఈ ముసలామె మాటిమాటికీ ఆ ఎత్తు ఎక్కి పడుతోంది, ఏ పాసూ లేకుండా, ఏ లైనూ లేకుండా.

ఏనుగు దగ్గరికి పోగానే అవ్వ మా ఆయన మీదికి పోయింది. "ఆఖరుసారి ఎక్కినప్పుడు నువ్వు కనబడ్డవు కొడుకా పైనుంచి. ఈడనే నిలబడ్డవు. చెయ్యి ఊపిన. చూడవైతివి!"

ఆయన చూసుకుంటూనే ఉన్నాడట, కాకపోతే వచ్చే దారి వైపు చూస్తున్నాడు, ఆకాశం వైపు కాదు. ఆ మాట చెబుతూ ఆయన సీసా మూత తిప్పాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ తిప్పాడు. నేను గమనించాను.

అవ్వనూ పాపనూ ఎండలో కూర్చోబెట్టి, పొడి బట్టల కోసం మేమిద్దరం లాకర్ల వైపు నడిచాం. దారిలో ఆయనే అన్నాడు.

"నాకు ఓపిక ఉన్నదని అందరు అంటరు. నువ్వు సుత గదే అనుకుంటున్నవు."

"మరి కాదా?"

"ఏనుగు కాడ నిలబడ్డంత సేపు నా పానం పానంల లేదు. ఉరుకుదామంటే మీ అవ్వ ఈడికే వస్తదేమోనని భయం. అప్పుడు మిల్లు కాడ సుత గంతే. ఇంట్ల ఉండబుద్ధి కాక గేటు కాడికి పోతుంటి. ఆడ నిలబడబుద్ధి కాక ఇంటికి వస్తుంటి. వేరే పనికి పోతే, గా దినమే గేటు తెరుస్తరేమో, నా జాగల ఇంకొకన్ని పెట్టుకుంటరేమోనని భయం. నువ్వు పోయినవు. నాకు పోవుడు చేతకాలే. గంతే. ఓపిక కాదు అది."

నేను నడుస్తున్నదాన్ని ఆగాను. ఇన్నేళ్లూ ఆ గేటు దగ్గర ఆయన ప్రశాంతంగా నిలబడి ఉంటాడనే ఊహించుకున్నాను. ఆ ఊహ మీద కోపం పెంచుకున్నాను. ఆయన లోపల కూడా నాలాంటి కాళ్లే ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

"ఎన్నడు చెప్పకపోతివి" అన్నాను.

"నువ్వెన్నడు కూసోకపోతివి" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. నాకే నవ్వొచ్చింది.

అన్నం తిన్నాక పాప ఇంకా పాస్ ఉంది కదా అని రోలర్ కోస్టర్ ఇంకోసారి ఎక్కొచ్చింది. దాన్ని తప్పుపట్టలేను, కట్టిన పాస్ అది. తర్వాత నలుగురం పెద్ద చక్రం దగ్గర మామూలు లైన్లో నిలబడ్డాం. నాకు ఆ లైను ఏమీ హాయిగా లేదు. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాను. ముందు ఎంతమంది ఉన్నారని మెడ చాస్తూనే ఉన్నాను. కానీ పాప అడిగింది, "డాడీ, మిల్లు బందున్నప్పుడు గేటు కాడ ఏం జేసేటోళ్లు?" అని. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరి బీడీ ఇద్దరు పంచుకోవడం, చిమ్నీ నుంచి పొగ వచ్చిందని ఎవరో పరుగెత్తుకొస్తే అందరూ పోయి చూసి అది మబ్బు అని తేలడం. పాప నోరు తెరుచుకుని విన్నది. నేనూ మొదటిసారే విన్నాను.

చక్రం దాకా మేం చేరలేదు. నీడలు పొడుగయ్యాయి. "పా, బస్సు పోతది" అన్నాడు మా ఆయన. "జరసేపు ఆగుదాం" అన్నది నేను. ఆయన వింతగా చూశాడు. అయినా బయలుదేరక తప్పలేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలో నా తోటివాళ్లు, చర్చిలో చుట్టాలు అడిగారు, పాస్ తీసుకోవడం లాభమేనా అని. ఉన్నదున్నట్టే చెబుతాను. దూరం నుంచి వచ్చి, పండుగ రద్దీలో, సాయంత్రానికి తిరిగి పోవాలనుకునే వాళ్లకు అది పనికొస్తుంది. పిల్లలు తృప్తిగా ఎక్కుతారు. రద్దీ లేని రోజు అయితే దండగ. కానీ తీసుకుంటే అందరికీ తీసుకోవాలి, లేకపోతే ఎవరికీ వద్దు. సగం మంది అటు, సగం మంది ఇటు అయితే ఎంత వేగంగా పోయినా కళ్లు వెనకే ఉంటాయి. లైన్లో మనిషి విసుగు పడతాడు, నిజమే. పాస్ ఉన్నా పడతాడు. నా విసుగు ఆ పట్టీతో తగ్గలేదు.

జూబ్లీ బస్టాండుకు చేరేసరికి పొద్దుగూకింది. కరీంనగర్ బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే జనం దాని వెంట పరుగెత్తుతున్నారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు సీట్లలో పడుతున్నాయి. నేనూ పరుగెత్తి నా చున్నీ ఒక కిటికీలోంచి విసిరాను. రెండు సీట్లు దొరికాయి. అవ్వా పాపా కూర్చున్నారు. బస్సు ఊరు దాటకముందే పాప నిద్రపోయింది. అవ్వ మాత్రం పక్క సీటావిడకు పడవ సంగతి చెబుతోంది, చేయి పైకెత్తి, కిందికి దించి.

మేమిద్దరం కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. బస్సు ఊగినప్పుడల్లా భుజాలు తగులుతున్నాయి. సిద్దిపేటలో మా పక్క సీట్లోంచి ఒకతను దిగాడు.

"కూసో" అన్నాడు మా ఆయన.

"నువ్వు కూసో. పొద్దటి సంది నిలబడే ఉన్నవు."

"నువ్వు ఉరికి ఉరికి ఉన్నవు. కూసో."

"నాకు కూసోబుద్ధి అయితలేదు."

మేం వాదించుకుంటుండగా వెనక నుంచి ఒక లావుపాటి పెద్దాయన మా ఇద్దరి మధ్య నుంచి దూరి, సీట్లో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కరీంనగర్ ఇంకా చాలా దూరం ఉంది.